టుల్లూ పంపు ప్రజాస్వామ్యం

ఢిల్లీ జనక్‌పురి వాసులకు అభినందనలు. మీ కుళాయిలో ఏం వస్తోందో సర్కారుకు చివరికి తెలిసింది.

ఇన్నాళ్లూ మీ ముక్కు చెప్పింది, ఎవరూ నమ్మలేదు. ముక్కుకు సీలూ సంతకమూ ఉండవు కదా! అందుకే 2025లో వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. తాగే నీళ్లలో మురుగు కలుస్తోంది మహాప్రభో అని కాలనీ సంఘం మొరపెట్టుకుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సీసాలు నింపుకుని వెళ్లింది. కొన్ని నమూనాల్లో ఈ-కోలి ఉందని తేల్చింది. ఈ-కోలి అంటే? మర్యాదగా చెప్పాలంటే, పేగుల్లో ఉండాల్సిన క్రిమి. మర్యాద పక్కన పెడితే, పక్కింటాయన పొద్దున్నే ఫ్లష్ కొట్టి వదిలించుకున్నది మీ కాఫీ గిన్నెలో తేలింది.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఒకటుంది. ఐఎస్ 10500. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కోలి జాడే ఉండకూడదని అందులో రాశారు. 'కొద్దిగా ఉన్నా సర్దుకోవచ్చు' అన్న వెసులుబాటు లేదు. సర్దుకునేది మనం. ప్రమాణం సర్దుకోదు.

మరి ఇది మురికివాడ సంగతా? కాదు. సాక్షాత్తూ ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) గీతలు గీసి, బ్లాకులు కట్టి, పార్కులు పెట్టి, 1970లలో పంచిపెట్టిన కాలనీ ఇది. ఆసియాలోకెల్లా పెద్ద కాలనీ మాదేనని మీసం తిప్పిన పెద్దలు ఇక్కడ ఇంకా ఉన్నారు. రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషనుంది. డిస్ట్రిక్ట్ సెంటరుంది. దిల్లీ హాట్ ఉంది. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడి ఉంది కాబట్టి మనవాళ్లూ ఉన్నారు. అన్నీ ఉన్నాయి. కుళాయి తిప్పితే మాత్రం ముక్కు మూసుకోవాలి.

ఇది ఎలా జరుగుతుందో కాస్త చూద్దాం. అసలు రుచి అక్కడే ఉంది. క్షమించాలి, ఆ మాట ఇక్కడ వాడకూడదు.

నీళ్లు వచ్చేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మిగతా వేళల్లో పైపు ఖాళీ. ఖాళీ పైపులో ఒత్తిడి ఉండదు. ఒత్తిడి లేని పైపుకు ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి నుంచి బయటి తడి లోపలికి దిగుతుంది. బయట ఏముంది? మురుగు పైపు. అదీ పాతదే, ఇదీ పాతదే. రెండింటికీ జాయింట్లు వదిలాయి. భూమిలోపల ఎవరూ చూడని చోట రెండు పైపులూ ఎప్పుడో వియ్యమందుకున్నాయి.

ఇంతవరకూ పాపం సర్కారుది. ఇక మన వాటా.

తెల్లవారుజామున కాలనీలో మొదట కూసేది కోడి కాదు, టుల్లూ పంపు. వీధి పైపు నుంచి నేరుగా నీళ్లు లాగే బుల్లి మోటారు అది. లైనుకు అలా మోటారు తగిలించడం నేరం. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే అందరూ దాన్ని మెట్ల కింద, పాత సైకిలు వెనక, గోనెపట్టా కప్పి పెడతారు. దాచిన వస్తువు వీధి చివరి దాకా వినిపిస్తుంటుంది. అయినా దాచారు కదా, అది చాలు!

నాలుగంతస్తుల బిల్డింగు. కింది వాటాలో తెలుగావిడ. నీళ్లొచ్చే వేళకు ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో ఫోను టార్చి. మొదట వచ్చేది గాలి. ఆ తర్వాత టీ రంగు ద్రవం, పైన నురగ, ఒక వాసన. "మొదటి పది నిమిషాలూ వదిలేయాలి, ఆ తర్వాత బాగుంటాయి" అన్నది కాలనీ వైద్యం. ఆవిడ టార్చి వేసి చూస్తుంది, బకెట్టు వంపుతుంది, మళ్లీ పట్టి చూస్తుంది. నీళ్లు తేటపడుతున్నాయి అనుకునేలోగా ధార సన్నబడి ఆగిపోయింది. పైన మోటారు మొదలైంది.

"అంకుల్‌జీ, మీరు మోటారు వేస్తే మాకు చుక్క రావట్లేదండీ."

"నేనేం చేయను బేటీ? నేను వేయకపోతే పైవాడు వేస్తాడు."

పైవాడిని అడిగితే ఆ పైవాడంటాడు. ఈ దేశంలో ఏ ఫిర్యాదు చేసినా ఆఖరికి పైవాడి మీదికే పోతుంది. మరుసటి ఆదివారం తెలుగావిడా ఒక మోటారు కొనిపించింది. అర హార్స్‌పవర్ ఎందుకని ఒక హార్స్‌పవర్‌దే తెప్పించింది. బిల్డింగులో మిగతా అందరూ ఆవిడను స్వార్థపరురాలన్నారు.

ఇప్పుడు లెక్క కట్టండి. వీధికి ఎన్ని ఇళ్లు, అన్ని మోటార్లు. అందరూ ఒకేసారి పీలుస్తారు. పైపులో ఉన్న కొద్ది నీళ్లూ అయిపోతాయి. అయినా పీలుస్తారు. అప్పుడు పైపు ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి? పక్కన ఉన్నదే తెచ్చిస్తుంది. ఎవరి మోటారు బలమైనదో వాళ్ల ట్యాంకులోకి ముందు. బలవంతుడికి ఎక్కువ వాటా దొరికే ఏకైక మురుగు పంపిణీ వ్యవస్థ ఇదేనేమో. సామాజిక న్యాయం కాదని ఎవరనగలరు?

ఆ తర్వాత ఆర్వో మిషను. లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు సింకులో పారబోస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్వోలు నిషేధించండని హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. చెప్పడం సులువే. టీ రంగు నీళ్లు చూసిన మనిషి మిషను తీసేస్తాడా? సర్కారు నీళ్లు ఉచితం. వాటిని నోట్లో పోసుకునేలా చేసుకునే ఖర్చు మీది. ఇంకా నమ్మకం లేకపోతే 20 లీటర్ల క్యాను తెప్పించుకోండి. ఆ క్యానులో నీళ్లు ఎక్కడివంటారా? అబ్బ, ఎన్ని ప్రశ్నలండీ మీకు!

ఉచితం అన్నాను కదా. 2015 నుంచి ఢిల్లీలో మీటరున్న ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. చరిత్రాత్మకం అన్నారు. నిజమే. 2021లో హైదరాబాద్ కూడా అదే 20,000 అంది. ఉచితం అంటువ్యాధి, నాణ్యత కాదు. ఆ 20,000 లీటర్లలో నీళ్లెన్ని, అదనపు దినుసులెన్ని అన్న వివరం మాత్రం ఏ బిల్లులోనూ విడిగా కనపడలేదు. ఉచితంగా ఇచ్చిన దాని గురించి అడిగితే కృతఘ్నులం కదా!

ఇక 24 గంటల నీళ్లు. ఈ కథకు వయసు తక్కువేం కాదు. షీలా దీక్షిత్ హయాంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో 24 గంటల నీళ్ల పథకం రాసుకున్నారు. రగడ అయింది. 2005లో అటకెక్కింది. తర్వాత కేజ్రీవాల్ వచ్చారు. 24 గంటల నీళ్లన్నారు. ఒక తరం పిల్లలు పుట్టి, ఇక్కడి బడుల్లో చదివి, ఉద్యోగాలకు బెంగళూరు పోయారు. 24 గంటలూ వచ్చింది వాగ్దానం ఒక్కటే. అందులో ఏనాడూ ప్రెషరు తగ్గలేదు.

2019 నవంబరు గుర్తుందా? కేంద్ర మంత్రి రామ్ విలాస్ పాస్వాన్ నగరాల కుళాయి నీళ్లకు ర్యాంకులు ప్రకటించారు. ముంబయి ఫస్టు. హైదరాబాద్, భువనేశ్వర్ తర్వాతి స్థానంలో. ఢిల్లీ అట్టడుగున. ఢిల్లీలో 11 చోట్ల నమూనాలు తీస్తే 11 ఫెయిలయ్యాయి. నూటికి నూరు శాతం ఫలితం సాధించడమంటే మాటలా? అప్పుడు ఏం జరగాలి? పైపులు తవ్వి చూడాలి. ఏం జరిగింది? మీ పరీక్ష తప్పంటే మీ నీళ్లు తప్పని రెండు ప్రభుత్వాలూ వారాల తరబడి కొట్టుకున్నాయి. నీళ్ల రంగు ఏమిటని ఎవరూ చూడలేదు. నమూనా తీసినవాడి జెండా రంగు ఏమిటని చూశారు.

ఆ రోజుల్లో ఒక సౌకర్యం ఉండేది. నీళ్లూ మురుగూ చూసే జల్ బోర్డు ఢిల్లీ సర్కారుది. చెత్తా చెదారం కార్పొరేషనుది. భూమి, పాత ఫ్లాట్లు డీడీఏవి, అంటే కేంద్రానివి. ఎవరిని అడిగినా మరొకరిని చూపించేవారు. ముగ్గురి వేళ్లూ ఒక వలయం తిరిగి మళ్లీ మీ మీదికే వచ్చేవి. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ సర్కారు బీజేపీ చేతికొచ్చింది. ఏప్రిల్‌లో మేయరు పదవీ వచ్చింది. కేంద్రం ఎటూ ఉంది. ట్రిపుల్ ఇంజన్ అన్నారు. పైగా జనక్‌పురి ఎమ్మెల్యేనే ఢిల్లీ పట్టణాభివృద్ధి మంత్రి అయ్యారు. ఇంతకన్నా అదృష్టం ఏ కాలనీకి పడుతుంది? మూడు ఇంజన్లు కలిసి లాగాల్సింది ఒక్క పైపు. మా తెలుగావిడ ఒక హార్స్‌పవర్ మోటారు ఇంకా మెట్ల కిందే ఉంది.

పార్టీలకు ఇక్కడ మొహమాటాలు లేవు. 2015 ఎన్నికల్లో బీజేపీ నుంచి జగదీశ్ ముఖి నిలబడ్డారు, కాంగ్రెస్ నుంచి ఆయన అల్లుడే నిలబడ్డారు. జనకుడి పేరు పెట్టుకున్న ఊళ్లో మామా అల్లుళ్ల పోటీ! ఇద్దరూ ఓడారు. ఆప్ గెలిచింది. ఆ గెలిచినాయన రెండు దఫాలు చేసి, 2025లో టికెట్టు రాకపోయేసరికి పోలింగుకు నాలుగు రోజుల ముందు బీజేపీలో చేరారు. నాయకుడు పార్టీ మారడానికి నాలుగు రోజులు చాలు. పైపు మారడానికి నలభై ఏళ్లు చాలవు.

తవ్వకాల సంగతి చెప్పలేదు కదూ? జనక మహారాజు ఒక్కసారి నేల దున్నితే సీతమ్మ దొరికింది. ఇక్కడ ఏడాది పొడవునా దున్నుతూనే ఉన్నారు. మెట్రో కోసం, కేబుల్ కోసం, గ్యాసు కోసం, మురుగు కోసం, మొన్న తవ్విన చోట పెట్టడం మర్చిపోయిన దాని కోసం. 2023 జూలై 5న ఇంకో విచిత్రం. జనక్‌పురిలో నడిరోడ్డు తనంతట తానే కుంగి పెద్ద గొయ్యి పడింది. టెండరు లేదు, కాంట్రాక్టరు లేడు, కమిషను లేదు. ఇంత నిజాయతీగా జరిగిన తవ్వకం ఢిల్లీలో అదొక్కటే.

గుంత పూడ్చాలంటే ముందు టేపు తెచ్చుకోండి. రోడ్డు వెడల్పు 60 అడుగులు దాటితే పీడబ్ల్యూడీది. లోపల ఉంటే కార్పొరేషనుది. గుంతలో నీళ్లుంటే? అవి మంచినీళ్లో మురుగునీళ్లో తేలాలి. రెండూ జల్ బోర్డువే కాబట్టి తేల్చాల్సిన తొందర ఎవరికీ లేదు. మీరు ఏదో ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తారు. కంప్లైంటు నంబరు ఇస్తారు. సాయంత్రానికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజీ. మీరు గుంతలో నిలబడి ఆ మెసేజీ చదువుకోవచ్చు. సిగ్నల్ బాగానే వస్తుంది.

కడుపులో తేడా చేసిందా? బెంగ వద్దు. జనక్‌పురి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది. 300 పడకలకని కట్టారు. ఏళ్ల తరబడి వంద పడకల దగ్గరే నడిపారు. మిగతా అంతస్తులు బహుశా రోగుల కోసం కాదు, శంకుస్థాపన ఫొటోల కోసం. అందులో ఉదరకోశ విభాగం కూడా పెట్టారు. కుళాయినీ ఆస్పత్రినీ కలిపి ఆలోచించిన ఆ ముందుచూపుకు దండం పెట్టాలి.

సర్కారును తిడుతుంటే మీకు హాయిగా ఉంది. నాకూ ఉంది. కానీ 2024 మే నెల సంగతేమిటి? ఎండలు మండిపోతున్నాయి, ట్యాంకర్ల వెంట జనం పరుగెత్తుతున్నారు. పైపు పెట్టి కారు కడిగితే 2,000 రూపాయల జరిమానా అని అప్పటి సర్కారు 200 బృందాలను దింపింది. అప్పుడు మన అంకుల్‌జీ ఏం చేశారు? పగలు కడిగే కారును రాత్రి కడిగించారు. ఆయన కారు ముందు రోడ్డు మీద రెండు పూలకుండీలు, ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఉంటాయి. అంటే ఆ రోడ్డు ముక్క ఆయనది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలియదు, కుర్చీకి తెలుసు. పైన బాల్కనీని గదిగా మార్చారు. ఆ గదికి బాత్‌రూము పెట్టారు. ఆ బాత్‌రూము గొట్టాన్ని ఎక్కడ కలిపారని అడగకండి. వాన నీటి కాలువలో కలిపారు. తర్వాత వాట్సాప్ గ్రూపులో 'ఈ దేశం బాగుపడదు' అని పెట్టారు. కింద ఇరవై దండాలు. మొదటి దండం పెట్టింది మా తెలుగావిడ భర్త. ఆయనదీ రెండో బాత్‌రూము అక్కడికే పోతుంది.

మరి మన నాయకులు ఢిల్లీ రారా? రోజూ వస్తారు. విమానం దిగి, ఆంధ్రా భవన్‌కో తెలంగాణ భవన్‌కో పోయి, మంత్రులకు శాలువాలు కప్పి, వినతిపత్రాలిచ్చి, ఫొటోలు దిగి, రాత్రి విమానానికి వెళ్లిపోతారు. ఎంపీలు న్యూఢిల్లీ బంగళాల్లో ఉంటారు. అక్కడ వేరే మున్సిపాలిటీ, వేరే కాలిబాటలు, వేరే తులిప్ పూలు. 2025 ఎన్నికల ముందు చంద్రబాబు నాయుడు స్వయంగా వచ్చి షాదరాలో తెలుగువాళ్లను బీజేపీకి ఓటేయమని అడిగారు. సంతోషం. ఓట్ల లెక్కలో ఢిల్లీ తెలుగువాళ్లం కనిపించాం. నీళ్ల లెక్కలో ఎప్పుడు కనిపిస్తాం? ఈ-కోలికి ప్రాంతీయ భేదం లేదు. పంజాబీ పేగూ తెలుగు పేగూ దానికి ఒకటే. జాతీయ సమైక్యత అంటే అదే కాబోలు.

హైదరాబాద్‌లో కూర్చుని ఇది చదువుతూ నవ్వుకుంటున్నారా? ఆగండి. 2009 మేలో భోలక్‌పూర్‌లో ఏం జరిగింది? అదే మురుగు, అదే కుళాయి. మనుషులు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులో? మళ్లీ అదే. అప్పుడూ మంత్రులు వచ్చారు. పరామర్శించారు. వాళ్ల చేతుల్లో సీలు తీయని సీసాలున్నాయి. 2019 ర్యాంకుల్లో రెండో స్థానం వచ్చింది కదా అని గోడకు పటం కట్టుకున్న నగరం, తన పాతబస్తీ వీధుల్లో పైపులు ఎప్పుడు వేసినవో ఒకసారి తవ్వి చూసుకోకూడదూ?

తిరిగి జనక్‌పురికి వద్దాం, మీటింగు మొదలవుతోంది. 2000లో షీలా దీక్షిత్ భాగీదారీ అని, అంటే పాలనలో జనానికీ భాగమని, మొదలుపెట్టినప్పటి నుంచి ఢిల్లీలో కాలనీ సంఘమంటే చిన్న సర్కారే. సంఘాలన్నీ ఒకేలా ఉండవు, నిజమే. ట్రిబ్యునల్ మెట్లెక్కిందీ ఒక సంఘమే. ఆ పని చేసినవాళ్లకు నమస్కారం. కానీ వీధికొక సంఘముంది, అన్నింటికీ అంత ఓపిక లేదు. మా బ్లాకు సంఘం ఆదివారం పార్కులో కూర్చుంది. ఎజెండాలో మొదటిది గేటుకు రంగు. ఆకుపచ్చా, నీలమా అన్నదాని మీద గంట చర్చ. నీలం గెలిచింది. రెండోది వీధికుక్కలకు బిస్కెట్లు వేసే ఆంటీ. ఆవిడకు అనుకూలంగా ఇద్దరు, వ్యతిరేకంగా అందరూ. కుక్కలు ఓటింగులో పాల్గొనలేదు, కుర్చీల కింద పడుకున్నాయి. మూడోది పనివాళ్లు లిఫ్టు వాడొచ్చా అన్నది. వాడకూడదని తేల్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నాలుగోది నీళ్లు. తెలుగావిడ లేచింది. "ఎవరూ డైరెక్టు మోటారు పెట్టకూడదని తీర్మానం చేద్దాం. అందరం ఒకేసారి తీసేద్దాం. తర్వాత పైపు మార్చమని కలిసి వెళ్లి అడుగుదాం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చాలా మంచి మాట అన్నారు. ముందు ఎవరు తీస్తారని ఆవిడ అడిగింది. అంకుల్‌జీ వాచీ చూసుకున్నారు. సెక్రటరీగారు ఫోనెత్తి అవతలికి పోయారు. ఆవిడ కూడా నేను ముందు తీస్తానని మాత్రం అనలేదు.

ప్రెసిడెంటుగారు మీటింగును గట్టెక్కించారు. విషయం చాలా ముఖ్యమైనది కాబట్టి వచ్చే మీటింగులో వివరంగా చర్చిద్దాం, ఇప్పుడు టీ తాగుదాం అన్నారు. ఏకగ్రీవం.

టీ బాగుంది. క్యాను నీళ్లతో పెట్టించారు.